తోక కింద సంచి

బీయున్‌కు కోడి అంటే అసహ్యం. వండినదైనా అంతే, నడుస్తున్నదైనా అంతే. తడి ఈకల వాసన ఎక్కడ తగిలినా ఆమె పై పెదవి ఒక పక్కకు లేచిపోయేది. ఆ పెదవిని చూసి కొత్తవాళ్లు ఆమెకు పొగరనుకునేవాళ్లు.

దీనంతటికీ మూలం షీలో ఊరి బజారు. అక్కడ వాళ్లమ్మకు కోళ్లు కోసి అమ్మే బల్ల ఉండేది. బీయున్, ఆమె అక్క బీలియెన్ ఏడెనిమిదేళ్ల వయసు నుంచే ఆ బల్ల వెనక గొంతుక్కూర్చుని, మరుగుతున్న నీళ్లలో ముంచి తీసిన కోళ్ల ఈకలు పీకేవాళ్లు. వేళ్లు ఎప్పుడూ నానిపోయి, ముడతలు పడి, శవం వేళ్లలా ఉండేవి. జుట్టుకు నూనె రాస్తే నూనె కూడా కోడి వాసనే వేసేది. బడిలో పక్కన కూర్చున్న పిల్ల ముక్కు మూసుకుని పాఠం చదవడం నేర్చుకుంది.

బీలియెన్ పద్దెనిమిదేళ్లకే పెళ్లి చేసుకుని ఆ బల్ల నుంచి తప్పించుకుంది. తప్పించుకుని వెళ్లి పడింది మాత్రం కోళ్ల ఫారంలోనే. మొగుడు చెంగ్‌ఫా ఎర్ర ఈకల నాటుకోళ్లు పెంచేవాడు. ఇటు బీయున్ జన్మలో ఈక ముట్టనని ఒట్టు పెట్టుకుంది. పాతికేళ్లప్పుడు జిల్లాలోని పశువ్యాధుల కేంద్రంలో గాజు సామాను కడిగే మనిషి కావాలంటే ఎగిరి గంతేసి చేరింది. తెల్ల కోటు ఇచ్చారు. సీసాలు, గొట్టాలు, బ్రష్షు, సబ్బు నీళ్లు. ఒళ్లంతా సబ్బు వాసన వేస్తుంటే ఆమెకు ప్రాణం లేచొచ్చింది.

ఆ సుఖం మూడు నెలలే. శవపరీక్ష గదిలో పనిచేసే ముసలాయన తడి నేల మీద జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు. అదే వారం మూడు బస్తాల చచ్చిన కోళ్లు వచ్చిపడ్డాయి. కుర్ర డాక్టర్లు ఒక్కో కోడినీ అరగంట కోసి, పేగులు తెగ్గొట్టి, గదంతా రెట్టపాలు చేసుకున్నారు. గుమ్మంలో నిలబడి చూస్తున్న బీయున్‌కు ఒళ్లు మండిపోయింది.

"ఛీ! ఇటివ్వండి" అని కత్తెర లాక్కుని, కోడిని వెల్లకిలా పడేసి, తొడలు విరిచి, చర్మం లాగి, రొమ్ము ఎముక పైకి లేపి, ఏ అవయవానికీ గాటు పడకుండా రెండు నిమిషాల్లో తెరిచి పెట్టింది. డాక్టర్లు నోళ్లు తెరిచారు. ఆ రెండు నిమిషాలే ఆమె కొంప ముంచాయి. మర్నాటి నుంచి సీసాలు కడగడానికి వేరే మనిషిని పెట్టుకున్నారు.

అలా పదహారేళ్లు గడిచాయి. రైతులు రెండు రోజుల కిందట చచ్చిన కోళ్లను మేత బస్తాల్లో కుక్కి బస్సుల్లో పంపేవాళ్లు. మూతి విప్పితే వెచ్చటి ఆవిరి మొహానికి కొట్టేది. పురుగులు బల్ల మీద బియ్యం పోసినట్టు రాలేవి. బీయున్ ఒక్కసారి కూడా అలవాటు పడలేదు. రోజూ అసహ్యించుకుంటూనే, రోజూ అందరికన్నా శుభ్రంగా కోసేది. ఆమె స్కూటరు చప్పుడు వినబడగానే ఇంట్లో భర్త ముందు తలుపు వేసి పెరటి తలుపు తీసేవాడు. పెరట్లో స్నానం చేసి, ఆ బట్టలు అక్కడే వదిలితే తప్ప లోపలికి రానిచ్చేవాడు కాదు. అతని మీద ఆమెకు కోపం లేదు. తానే ఆ స్థానంలో ఉంటే వీధి గుమ్మం కూడా తొక్కనిచ్చేది కాదు.

తొంభై ఒకటో సంవత్సరం వేసవిలో కేంద్రానికి కొత్త డాక్టరమ్మ వచ్చింది. ఇంటిపేరు గూ. మియావొలీ కొండల వైపు మనిషి, ముప్ఫై ఏళ్లుంటాయి. ఎండిన పుల్లలా ఉండేది కానీ, కుళ్లిన కోడి కనబడితే చాలు కళ్లు మెరిసేవి. వాసన ఆమె ముక్కుకు తెలిసేదే కాదు. శవపరీక్ష బల్ల పక్కనే నిలబడి ఆవిరి రొట్టె తినేది. అది చూసిన రోజు బీయున్ తన మధ్యాహ్న భోజనం మురిక్కాలువలో పారబోసింది.

డాక్టర్ గూ వచ్చిన రెండు వారాలకు, ఒక పొద్దున చెంగ్‌ఫా మోటారు సైకిలు మీద బస్తా వేసుకుని వచ్చాడు. బొద్దు మనిషి, నోట్లో ఎప్పుడూ వక్క.

"మరదలా, నీకు చుట్టాల్ని తెచ్చా" అన్నాడు బస్తా దించుతూ.

"అక్కడే పెట్టు బావా, లోపలికి తేకు. కారుతోంది."

"కారితే కడుక్కో. నిన్న పొద్దున్నుంచి నూట నలభై పోయినయ్. అప్పటిదాకా మేత తిన్నది, చూస్తుండగానే ఈకలు పొంగించుకుని తల వేలాడేస్తది. నాసిరకం మేత పోశాడు ఆ మేత కొట్టువాడు. మీ డాక్టరమ్మ చేత ఆ ఒక్క ముక్క రాయించు, వాడి పీక పట్టుకుంటా."

"ఎన్ని వారాల పిల్లలు?"

"ఆరు."

"పిర్రలు పొడుచుకుంటున్నయ్యా?"

"ఎవరూ?"

"కోళ్లు, బావా. నీ సంగతి నాకెందుకు?"

చెంగ్‌ఫా నమలడం ఆపాడు. "అవును. వెనక్కి తిరిగి, ఎవడిదో అయినట్టు వాటి పిర్ర అవే పొడుచుకుంటున్నయ్. నీకెట్లా తెలుసు?"

బీయున్ బస్తా మూతి విప్పింది. బస్తాలోంచి పైనున్న కోడిని తీసి తోక ఎత్తింది. కింద ఈకలన్నీ సున్నం పూసినట్టు తెల్లటి రెట్టతో అట్టకట్టి ఉన్నాయి. మలద్వారం చుట్టూ పొడిచిన పుండ్లు. ఆమె పెదవి లేచింది. బొటనవేలితో అక్కడ నొక్కి చూసింది. లోపల గుండ్రంగా, గట్టిగా ఏదో తగిలింది. పదహారేళ్లలో అక్కడ అంత పెద్దది ఆమె వేలికి తగల్లేదు.

కోసింది. తొడ కండల నిండా గోళ్లతో గీరినట్టు నెత్తుటి చారలు. మూత్రపిండాలు ఉబ్బి పాలిపోయాయి. అన్నిటికన్నా వెనక, మలద్వారం పైన, ప్రతి కోడిపిల్లకూ ఒక చిన్న సంచి ఉంటుంది. ఆ వయసులో లిచీ గింజంత, వెన్న రంగులో నున్నగా ఉండాలి. ఇక్కడ అది రెట్టింపై, పైన పసుపుపచ్చ జిగురు పట్టి, కుళ్లిన ద్రాక్షపండులా ఉంది. చీలిస్తే లోపల నెత్తురు కలిసిన పెరుగు తరకలాంటిది.

డాక్టర్ గూ వంగి చూసి, రెండు చేతులూ గుండెలకు హత్తుకుంది. "అబ్బ! ఎంత అందంగా ఉందో చూడక్కా!"

బీయున్ ఆ మాట విని కత్తెర కింద పెట్టేసింది. ఇన్నేళ్లలో ఆ గదిలో చాలా మాటలు విన్నది గానీ, ఆ మాట ఎవరూ అనలేదు.

"అందమా? ముందు మీరు బయటికెళ్లి మంచి గాలి పీల్చుకు రండి డాక్టరమ్మా."

"గంబోరో అక్కా ఇది. మామూలుది కాదు, పది కోళ్లలో రెండు మూడింటిని పడగొట్టే రకం. సముద్రం దాటి వచ్చిందని విన్నానే కానీ, కళ్లతో చూడలేదు."

చెంగ్‌ఫా కిటికీ అవతల నుంచి అరిచాడు. "మేతేనా?"

"మేత కాదు. వైరస్."

"మేత అని రాస్తే మీ సొమ్మేం పోద్ది?" అని ఉమ్మేసి, కాలితో బండి తన్నుకుంటూ వెళ్లిపోయాడు.

డాక్టర్ గూకు ఆ రోగం పేరు పెట్టడంతో తృప్తి కలగలేదు. అది కోడి ఒంట్లోకి దూరి, ఏ దారిన పోయి, ఎన్ని గంటలకు ఎక్కడ ఏం చేస్తుందో చూడాలంది. దూరం నుంచి ఏ టీకా పడని గుడ్లు తెప్పించి పొదిగించి, పిల్లలకు నాలుగు వారాలు నిండేదాకా ఆగింది. కేంద్రం వెనక షెడ్డుకు సన్నటి జాలీ కొట్టించి, నూట ఇరవై పిల్లల్ని అందులో పెట్టించింది. చెంగ్‌ఫా కోళ్ల సంచుల్ని నూరి వడగట్టిన నీళ్లు ఒక్కో చుక్క ఒక్కోదాని కంట్లో వేశారు. పొద్దున ఆరింటికి మూడు, సాయంత్రం ఆరింటికి మూడు చొప్పున చంపి చూడాలి. చంపేది, కోసేది బీయున్. చూసేది, రాసుకునేది డాక్టరమ్మ.

ప్రాణంతో ఉన్నవాటిని చంపడం బీయున్ పదహారేళ్లుగా తప్పించుకున్న పని. చచ్చి వచ్చినవాటిని కోస్తే పాపం ఎవరిదో అనుకునేది. ఇప్పుడు చేతిలోనే మెడ పుటుక్కుమనేది. పట్టుకోగానే తల ఆమె ముంజేతి మీద ఆనించి కళ్లు మూసుకునే పిల్లలుండేవి, వెచ్చగా ఉందని. అదే ఆమెకు అన్నిటికన్నా రోతగా ఉండేది. గింజుకుంటే బాగుండుననిపించేది.

మొదటి పూట పైకి ఏమీ కనబడలేదు. కానీ డాక్టరమ్మ ముక్కల్ని మైనంలో పెట్టి, పల్చగా తరిగి, రంగు వేసి చూసి, వైరస్ అప్పటికే పేగు గోడలోంచి కాలేయానికి, అక్కడి నుంచి సంచికి చేరిందని చెప్పింది. మూడో రోజుకు సంచి వాచింది. ఆ రోజే షెడ్డులో పిల్లలు వాటంతటవి చావడం మొదలైంది. మూలకు పోయి, మొహాలు గోడకు పెట్టి, తెల్లగా విరోచనాలు పెట్టుకుని చచ్చేవి. నాలుగో రోజుకు సంచి రెట్టింపు. ఐదో రోజు నుంచి దిగజారడం మొదలుపెట్టింది.

"అసలు దీంతో కోడికి పనేంటి డాక్టరమ్మా?" అని అడిగింది బీయున్ ఐదో రోజు సాయంత్రం. "మా అమ్మ తోకతో పాటు తరిగి కుక్కలకు వేసేది."

"కోడిపిల్లకి బడి అక్కా అది. రోగం వస్తే ఎట్లా కొట్టాలో నేర్చుకునే రక్తకణాలన్నీ అక్కడే తయారవుతాయి. పెద్దయ్యాక బడితో పనుండదు, దానంతటదే కరిగిపోతుంది. వైరస్ ఏం చేస్తోందంటే, పిల్లలు లోపలుండగానే బడికి నిప్పు పెడుతోంది."

"అయితే బతికినవి?"

"అదే చూడాలి."

ఎనిమిదో రోజుకు చావులు ఆగిపోయాయి. మిగిలిన పిల్లలు మేత తిన్నాయి, రెక్కలు విదిలించాయి, ఒకదాన్నొకటి తరుముకున్నాయి. బీయున్ ఒకదాన్ని పట్టుకుని తోక కింద నొక్కింది. వేలికి ఏమీ తగల్లేదు.

"పందెం డాక్టరమ్మా. ఎండు బఠాణీ అంత కూడా ఉండదు."

కోసింది. బూడిద రంగులో, ముడుచుకుపోయి, నిజంగానే ఎండు బఠాణీ అంత ఉంది. "చూశారా! నేను చెప్పలా!" అని నవ్వింది బీయున్. ఆ నవ్వు చప్పుడు ఆమె చెవులకే వినబడింది. చేతిలో ఇంకా వెచ్చగా ఉన్న పిల్ల. ముంజేతి దాకా నెత్తురు. ఎదురుగా కిటికీ అద్దంలో, పందెం గెలిచిన మనిషి మొహం ఒకటి పళ్లన్నీ బయటపెట్టి కనబడింది. డాక్టరమ్మ ఆవిరి రొట్టె తిన్న రోజు కూడా బీయున్‌కు అంత వెగటు పుట్టలేదు. బయటికి వెళ్లి కొళాయి కింద నోరు పుక్కిలించింది. మళ్లీ పుక్కిలించింది. నోట్లో ఏమీ లేదు, అయినా పోలేదు.

బతికినవాటికి కోళ్లకొచ్చే మరో ప్రాణాంతక రోగం, కొక్కెర తెగులుకు టీకా వేశారు. పక్క షెడ్డులో రోగం తగలని పిల్లలకూ అదే వేశారు. రెండు వారాలాగి రెండు గుంపుల నెత్తురూ తీసి పరీక్ష చేశారు. రోగం తగలని పిల్లలకు టీకా బ్రహ్మాండంగా పట్టింది. బతికి బయటపడినవాటిలో మూడింట రెండు వంతులకు పట్టనే లేదు. పైకి నిగనిగలాడుతున్నాయి, లోపల డొల్ల. ఇకమీదట ఏ చిన్న రోగమొచ్చినా వాటికి అడ్డు లేదు. పైగా అవి వేసే రెట్టలో గంబోరో ఉంటుంది.

డాక్టర్ గూ చెంగ్‌ఫాకు ఉత్తరం రాసింది. బతికిన కోళ్లను ప్రాణంతో ఎవరికీ అమ్మొద్దు, బయటివాళ్లను షెడ్డులోకి రానివ్వొద్దు, టీకా వేశామని ధైర్యంగా ఉండొద్దు అని. ఆ ఉత్తరాన్ని చెంగ్‌ఫా నాలుగు మడతలు పెట్టి, ఎగుడుదిగుడుగా ఉన్న నీళ్ల తొట్టి కింద ఎత్తుకు పెట్టాడు. ఈ సంగతి బీయున్‌కు ఏడో నెల పండుగ నాడు, తొట్టి దగ్గర కాళ్లు కడుక్కుంటుంటే తెలిసింది.

చాంద్రమానం లెక్కన ఏడో నెలలో పాతాళం తలుపులు తెరుచుకుని, దిక్కులేని దయ్యాలన్నీ పైకి వస్తాయి. వాటిని దయ్యాలనకూడదు. మంచి అన్నదమ్ములు అనాలి. ప్రతి ఇంటివాళ్లూ వాకిట్లో బల్ల వేసి పంది మాంసం, చేప, తలతో సహా ఉడికించిన కోడి పెట్టి, అగరుబత్తులు వెలిగించి, కడుపునిండా తిని మా జోలికి రాకుండా పొండి నాయనా అని దండం పెడతారు. కోళ్లకు అంత గిరాకీ ఏడాదిలో ఇంకెప్పుడూ ఉండదు.

బీయున్ మధ్యాహ్నానికి అక్క ఇంటికి వెళ్లింది. వాకిట్లో పొడుగాటి బల్ల మీద పన్నెండు చిన్నపాటి కోళ్లు వరసగా తలలెత్తుకుని కూర్చున్నాయి. వీధి మొత్తానికి కలిపి ఆ ఏడాది కోళ్లు చెంగ్‌ఫాయే ఇస్తున్నాడట. బీయున్ దగ్గరికి వెళ్లి వంగి చూసింది. బజారు బల్ల వెనక పెరిగిన మనిషి. చర్మం పాలిపోయి పసుపుగా ఉండాల్సింది, కమిలినట్టు ముదురు ఎరుపులో ఉంది. గొంతు కోత దగ్గర అంచులు ముడుచుకోలేదు. చచ్చాక కోసినవి. ఒకదాని పిర్ర దగ్గర పొడిచిన పుండు కూడా ఉడికి, తెల్లగా నోరు తెరుచుకుని ఉంది.

ఆమె తిన్నగా వంటింట్లోకి వెళ్లింది. బీలియెన్ వెదురు మొలకలు తరుగుతోంది.

"అక్కా, బయట పెట్టినవి ఎప్పుడు చచ్చినయ్?"

"ఒసే, గట్టిగా అనకు."

"గంబోరోతో పోయినవి దాచారు కదూ? ఐసు డబ్బాలో."

"చచ్చినరోజే ఈకలు పీకి శుభ్రం చేశా. నా చేత్తో చేశా. వాసన లేదు." బీలియెన్ కత్తి ఆపలేదు. "అది మనుషులకు అంటే రోగం కాదని నువ్వేగా చెప్పావు."

"అంటదని చెప్పా. తినమని చెప్పానా? ఇప్పుడు ఈ పన్నెండు ఎవరు తింటారు?"

"అన్నీ మనమేం తినం. బల్ల తీసేశాక డబ్బాభోజనాలవాడు వచ్చి పట్టుకుపోతాడు. ముక్కలు చేసి వేయిస్తే ఏం తెలియదు."

బీయున్ అక్క చేతుల వంక చూసింది. అదే అక్క, చిన్నప్పుడు చచ్చిన కోడి ఒకటి బుట్టలో కనబడితే అమ్మకు తెలియకుండా తీసుకెళ్లి కాలువలో పారేసి, దెబ్బలు తిన్న అక్క.

చెంగ్‌ఫా గుమ్మంలోకి వచ్చాడు. "ఏంటి మరదలా, పండగపూట మూతి వంకర?"

"చచ్చినవాటిని దేవుళ్లకు పెట్టావా బావా?"

"దేవుళ్లకు కాదు, మంచి అన్నదమ్ములకు. వాళ్లు ఎప్పుడో చచ్చారు. ఇప్పుడు కొత్తగా గంబోరో వచ్చి చస్తారా?" తన హాస్యానికి తానే పగలబడి నవ్వాడు. వెనక వాకిట్లో ఎవరో నవ్వారు.

ఆ నవ్విందెవరో చూద్దామని బీయున్ బయటికి వెళ్లింది. షెడ్డు పక్కన చిన్న లారీ. కోళ్ల వ్యాపారి షుయె, కర్రలా పొడుగ్గా ఉండే మనిషి, బోనులు ఎక్కిస్తున్నాడు. బోనుల నిండా బతికిన కోళ్లు. ఎర్రటి ఈకలు ఎండలో మెరుస్తున్నాయి. లారీ పక్కన మూడు చక్రాల బండితో ఒక ముసలావిడ నిలబడి ఉంది. ఇంటిపేరు ఫాన్, ఏటి గట్టున జామతోట. తోటలో తిప్పుకోవడానికి రెండొందల కోళ్లు కొనాలని వచ్చింది.

"ఇవి అమ్ముతున్నావా బావా?"

"అమ్మక? పూజ చేసుకోనా?"

"ఉత్తరం చదివావుగా."

"చదివా. దస్తూరి బాగుంది."

బీయున్ తిన్నగా లారీ దగ్గరికి నడిచింది. బోనులోంచి ఒక కోడిని కాళ్లు పట్టి లాగి, వంటింట్లోకి వెళ్లి అక్క చేతి పక్కనున్న కత్తెర తీసుకొచ్చింది. తిరగేసిన ఖాళీ బోను మీద మెడ విరిచి, వెల్లకిలా పడేసి కోసింది. వీధిలో దండాలు పెట్టుకుంటున్నవాళ్లు అగరుబత్తులు చేతిలో పట్టుకునే నిలబడిపోయారు.

"ఏం చేస్తున్నావే పిచ్చిదానా!" అన్నాడు చెంగ్‌ఫా.

"ఇటు రా పెద్దమ్మా. ఇక్కడ చూడు, తోక కింద. లిచీ గింజంత సంచి ఉండాలి. ఏది?"

ఫాన్ ముసలావిడ వంగింది. "ఇదేనా? ఈ గింజ?"

"అదే. ఎండిపోయింది. ఇది లేని కోడికి నువ్వు కొక్కెర తెగులు టీకా వేసినా ఒకటే, మంచినీళ్లు పోసినా ఒకటే. మీ తోటలో పిల్లలున్నయ్యా?"

"మూడు పెట్టలు పొదిగినయ్. ముప్ఫై దాకా ఉంటయ్."

"వీటి రెట్ట తొక్కితే ఆ ముప్ఫైకీ వస్తది."

ముసలావిడ ఆ బూడిద రంగు గింజను కాసేపు చూసింది. చెంగ్‌ఫాను చూసింది. వక్క ఎర్రగా ఉమ్మేసి, ఖాళీ బండి తిప్పుకుని వెళ్లిపోయింది.

వ్యాపారి షుయె మాత్రం నవ్వుతూనే ఉన్నాడు. "ఇరవై ఏళ్లుగా ఈ వ్యాపారంలో ఉన్నా. కోడి పిర్రలోకి తొంగి చూసి బేరం ఆడినవాళ్లను ఇవాళే చూశా" అన్నాడు. మిగతా బోనులు ఎక్కించి, తాడు బిగించి, లారీ పోనిచ్చాడు. ఎన్ని ఊళ్లకు పోతాయో అతనికే తెలియాలి. బీయున్ ఆపగలిగింది ఒక్క బేరాన్నే.

చెంగ్‌ఫా తిట్టిన తిట్లు వీధి చివరిదాకా వినబడ్డాయి. వాటిని ఆమె లెక్కచేయలేదు. కత్తెర కడిగి ఇవ్వబోతే బీలియెన్ చేయి వెనక్కి తీసుకుంది.

"అది నువ్వే ఉంచుకో. దాంతో నేనింక కూర కత్తిరించను. నువ్వూ ఇంక మా ఇంటికి రాకు. నిన్ను చూస్తే నాకు రోత పుడుతోంది."

ఇంటికి వెళ్తూ దారంతా బీయున్ ఆ మాటే తిప్పి తిప్పి చూసుకుంది. తన మొహానికి అది సరిగ్గానే అతికిందనిపించింది.

తొమ్మిదో నెలలో కొక్కెర తెగులు వచ్చింది. మెడలు మెలితిరిగి, ఆకాశం చూస్తూ గుండ్రంగా తిరిగి పడిపోయే కోళ్లు. ఆకుపచ్చ విరోచనాలు. నాలుగు మండలాల నుంచి బస్తాలు వచ్చాయి. తెచ్చిన ప్రతి రైతూ టీకా వేయించానని ఏడిచేవాడు. బీయున్ ఎవరి మొహమూ చూడకుండా, ముందు తోక వైపు కోసేది. బస్తాకు సగం కోళ్లలో అదే ఎండు గింజ. ఎక్కడ కొన్నావని ఆమె అడగలేదు. ఎర్ర ఈకలు చూస్తేనే తెలిసేది. డాక్టర్ గూ కూడా ఆ రోజుల్లో అందం మాటెత్తలేదు. రొట్టె బల్ల దగ్గరికి తేవడం మానేసింది.

ఒక పొద్దున గుమ్మంలో బీలియెన్ నిలబడి ఉంది. బస్తా ఆమే మోసుకొచ్చింది.

"బావ రాలేదా?"

"లేవట్లేదు. మంచం మీద గోడకు తిరిగి పడుకున్నాడు. అమ్మగా మిగిలినవాటిలో పొద్దుటికి రెండు వేలు పోయినయ్."

"బయట కూర్చో. నేను చూసి చెప్తా."

"లోపలికొస్తా. నేనూ చూస్తా."

బీయున్ వద్దనలేదు. బల్లకు ఒక పక్క తను, ఒక పక్క అక్క. కోసింది. గొంతు నిండా నెత్తుటి చుక్కలు, కడుపులో పుండ్లు, నాలుగు రోజుల కుళ్లు ఒకేసారి వచ్చినంత వాసన. బీలియెన్ ముక్కుకు కొంగు కూడా అడ్డం పెట్టుకోలేదు. తోక దగ్గరికి రాగానే అడిగింది.

"ఆ రోజు చూపించావే, అది ఏది?"

బీయున్ కత్తెర కొనతో చూపించింది. బీలియెన్ ఒక్క క్షణం చూసింది. చేయి బల్లకు ఆనించి వంగి, భళ్లున కక్కేసింది. పొద్దుట తాగిన గంజి, దాని వెనక ఏమీ లేని పసరు. బీయున్ చేతి తొడుగులు విప్పి, అక్క నుదురు పట్టుకుంది. చిన్నప్పటి నుంచీ వేల కోళ్ల ఈకలు పీకిన మనిషి. కోళ్ల మధ్య పాతికేళ్లు కాపురం చేసిన మనిషి.

"డబ్బాభోజనాలవాడు తీసుకెళ్లాడు చూడు" అంది బీలియెన్ మూతి తుడుచుకుంటూ. "మరునాడు వాడి కొట్టు ముందు నుంచి పోతే, బడిపిల్లలు వరసలో నిలబడి తింటున్నారు. వేళ్లు నాక్కుంటున్నారు. చూసి వచ్చేశానే. ఒక్క మాట అనలేదు. అప్పుడు కక్కుకోవాల్సింది."

బీయున్ బకెట్టుతో నీళ్లు తెచ్చింది. నేల కడిగింది.

మూడు రోజుల తరవాత చెంగ్‌ఫా షెడ్ల వెనక గొయ్యి తీసి, మిగిలినవి, చచ్చినవి అన్నీ కలిపి వేసి, పైన సున్నం పోశారు. లెక్క రాసుకోవడానికి కేంద్రం తరఫున బీయున్‌నే పంపారు. సున్నం కింద కాసేపు కదలాడింది. చెంగ్‌ఫా గొయ్యి అంచున కూర్చుని, మరదలి వైపు చూడకుండా, "ఇప్పుడు సంతోషమా?" అన్నాడు. ఆ రోజు అతని నోట్లో వక్క లేదు.

"లేదు బావా" అంది ఆమె. నిజంగానే లేదు. తాను చెప్పినట్టే జరిగినందుకు ఎక్కడో లోపల, పందెం నెగ్గిన ఆ మొహమే మళ్లీ పళ్లు బయటపెడుతుందేమోనని రోజంతా తనను తాను కాచుకుంటూ గడిపింది.

ఆ తరవాత చెంగ్‌ఫా షెడ్లు పడగొట్టి వెల్లుల్లి వేశాడు. వ్యాపారి షుయె ఒక్కడికీ జవాబు చెప్పలేదు. బాతుల వ్యాపారంలోకి మారాడని విన్నారు. డాక్టర్ గూ రాసిన పరిశోధన ఒక పత్రికలో అచ్చయింది. పన్నెండు గంటలకొకసారి మూడేసి పిల్లల్ని చంపి పరీక్షించడమైనది అని అందులో ఒక వాక్యం. ఎవరు చంపారో లేదు. డాక్టరమ్మ మాత్రం తైపేకు బదిలీ అయి వెళ్లే రోజు ఆ పత్రిక తెచ్చి, ఆ వాక్యం పక్కన పెన్నుతో బీయున్ పేరు రాసి ఇచ్చింది. "నాకు వాసన తెలియదక్కా, చిన్నప్పుడు జ్వరమొచ్చి పోయింది. నీకు తెలిసీ నిలబడ్డావు" అంది. బీయున్ ఆ పత్రికను ఇంటికి తీసుకెళ్లలేదు. శవపరీక్ష గదిలో సొరుగులో పెట్టింది.

ఆమె ఆ గదిలో ఇంకో పద్దెనిమిదేళ్లు పనిచేసింది. కొత్తగా చేరినవాళ్లకు ముందు తోక కింద నొక్కి చూడడం నేర్పేది. అలవాటవుతుందా అని ఎవరైనా అడిగితే, "నాకు కాలేదు. నీకైతే నాకు చెప్పు, నిన్ను సీసాలు కడగడానికి పంపిస్తా" అనేది.

చెంగ్‌ఫా ఇప్పటికీ ఆమెతో మాట్లాడడు. బీలియెన్ మాత్రం ఏటా పంట చేతికి రాగానే జడలా అల్లిన వెల్లుల్లి కట్ట మోసుకొచ్చి, చెల్లెలి వంటింట్లో మేకుకు తగిలించి వెళ్తుంది. వచ్చిన రోజు ఇద్దరూ పెరట్లో కూర్చుని గుత్తులు విడదీసి పొట్టు వలుస్తారు. కోళ్ల మాట ఎత్తరు.